టీవీ ముందు బుద్ధుడు

ఒక బల్ల. బల్లకి ఈ చివర పద్మాసనం వేసుక్కూచున్న బుద్ధ విగ్రహం. ఆ చివర ఒక టీవీ. టీవీ వెనకనించి ఒక కెమెరా బుద్ధుడికేసి చూస్తూ వుంటుంది. కెమెరా చూసిందల్లా అప్పటికప్పుడే టీవీలో కనిపిస్తుంది. అంటే, బుద్ధుడు టీవీ చూస్తున్నాడు, ఆ టీవీలో బుద్ధుడే వున్నాడు. అంతే. కథ లేదు, పాట లేదు, మధ్యలో సబ్బుల ప్రకటన లేదు. ఆ విగ్రహాన్ని అలా కూచోబెట్టి యాభై ఏళ్లు దాటింది.

దీని పేరు ‘టీవీ బుద్ధ’. చేసినాయన నామ్ జూన్ పైక్, కొరియా దేశస్థుడు. 1974లో న్యూయార్కులో బొనీనో అనే చిత్రశాలలో తన ప్రదర్శన సర్దుకుంటూంటే ఒక గోడ దగ్గర ఖాళీ మిగిలిపోయింది. ఆ ఖాళీ పూరించడానికి, ఎప్పుడో పెట్టుబడి కింద కొనిపెట్టుకున్న పాత బుద్ధ విగ్రహాన్ని తీసుకొచ్చి టీవీ ముందు కూచోబెడదామనుకున్నాడు. ఆ తర్వాత కెమెరా కూడా చేర్చాడు. పెళ్ళిలో కూర చాలక అప్పటికప్పుడు కలిపిన పచ్చడినే ఊరంతా పదేళ్లు చెప్పుకున్నట్టు, గోడ ఖాళీ నింపడానికి పుట్టిన ఆ బొమ్మే ఆయన పేరు నిలబెట్టింది. ఇప్పుడది ఆమ్‌స్టర్‌డామ్‌లో స్టెడెలిక్ అనే మ్యూజియంలో వుంది.

‘ఇదేం కళండీ, మా యింట్లోనూ టీవీ వుంది, బుద్ధుడూ వున్నాడు’ అంటారా? నిజమే. ఇవాళ ఏ కొత్త ఫ్లాటు గృహప్రవేశానికి వెళ్ళినా హాల్లో టీవీ కింద అరమీద బుద్ధుడి తల ఒకటి తప్పకుండా కనిపిస్తుంది. దేవుడి గదిలో మాత్రం వుండడు. ఆయనకి దీపం పెట్టరు, దుమ్ము తుడుస్తారు. ‘ప్రశాంతంగా వుంటుందని’ అంటారు. కాకపోతే మన హాల్లో బుద్ధుడి వీపు టీవీ వైపు వుంటుంది, ముఖం మనవైపు వుంటుంది. పైక్ చేసిందల్లా ఆయన్ని ఇటునించి అటు తిప్పడం. అటు తిప్పేసరికి, చూస్తున్నది ఎవరు, కనబడుతున్నది ఎవరు అనే పాత ప్రశ్న మళ్ళీ కొత్తగా తలెత్తింది.

పాత ప్రశ్న అని ఎందుకంటున్నానంటే, ఇది మనకి బొత్తిగా తెలియనిది కాదు. షోడశోపచారాలు అయ్యాక రాజోపచారాల్లో గొడుగు పట్టి, చామరం వీచి, దేవుడికి అద్దం చూపించడం మన పూజల్లో వున్నదే. దేవుడు తన ముఖం తాను చూసుకుంటాడు. 1927లో కేరళలో నారాయణగురు ఇంకొక అడుగు ముందుకి వేశారు. కలవంకోడు అనే చోట గుడిలో విగ్రహానికి బదులు అద్దాన్నే ప్రతిష్ఠ చేశారు. దణ్ణం పెట్టుకోడానికి వెళ్ళినవాడికి ఎదురుగా కనిపించేది తన ముఖమే. కులం పేరు చెప్పి గుడి గడప తొక్కనివ్వని రోజుల్లో ఆ అద్దం ఎంత మాట చెప్పిందో ఆలోచించండి. పైక్‌కి ఈ సంగతి తెలిసి చేశాడని నేననను. ఆయన దారి వేరు. కాని ఆ దారిని వెతుక్కుంటూ వెనక్కి వెళితే మధ్యలో మన దేశం తగులుతుంది. అందుకే ఈ కథ చెప్పాలనిపించింది.

పైక్ 1932లో సియోల్‌లో పుట్టాడు. 1950లో కొరియా యుద్ధం వచ్చి కుటుంబమంతా దేశం విడిచింది. టోక్యోలో చదువుకుని 1956లో పట్టా పుచ్చుకున్నాడు. సంగీతం మీద మోజుతో ఆ ఏడే జర్మనీ వెళ్ళాడు. 1958లో అక్కడ జాన్ కేజ్ అనే అమెరికన్ సంగీతకారుడు తటస్థపడ్డాడు. అంతటితో పైక్ జీవితం మలుపు తిరిగింది. గురువంటే ఎంత భక్తో చెప్పాలంటే, 1960లో కొలోన్ నగరంలో తన కచేరీ మధ్యలో వేదిక దిగి వచ్చి, ప్రేక్షకుల్లో కూచున్న కేజ్‌గారి టై కత్తెరతో కత్తిరించేశాడు. తలకి షాంపూ కూడా పోశాడు. గురుదక్షిణ ఇలా కూడా ఇస్తారన్నమాట! కేజ్ మాత్రం ఆ తర్వాతా స్నేహంగానే వున్నాడు.

ఈ జాన్ కేజ్ అంతకు ముందే లోకాన్ని విస్తుపోయేలా చేసినవాడు. 1952లో ఆయన రచించిన ఒక సంగీత కృతిలో వాద్యకారుడు పియానో ముందు కూచుంటాడు, మూత వేస్తాడు, తీస్తాడు. నాలుగు నిమిషాల ముప్పై మూడు సెకన్లపాటు ఒక్క స్వరమూ వాయించడు. కూచున్నవాళ్ళకి గాలి చప్పుడు, దగ్గు, కుర్చీల కిర్రు, ఇవే వినిపిస్తాయి. అదే సంగీతం వినండి అంటాడాయన. చాలామంది కోపంతో లేచిపోయారు.

ఆయనకి ఈ ఆలోచన ఎక్కణ్ణించి వచ్చింది? కొంత జపాన్ నించి. సుజుకి అనే పెద్దాయన న్యూయార్కులో జెన్ బౌద్ధం మీద ఇచ్చిన ఉపన్యాసాలు ఆయన విన్నాడు. జెన్ అన్నా మన మాటే. సంస్కృతంలో ధ్యానం, పాళీలో ఝాన, చైనా వెళ్ళి చాన్, జపాన్ చేరి జెన్ అయింది. కాని సుజుకి కంటే ముందు ఇంకొకరున్నారు. అహమ్మదాబాద్ సారాభాయ్‌ల ఆడపడుచు గీతా సారాభాయ్. ఆడవాళ్ళు మృదంగం, పఖవాజ్ లాంటివి ముట్టుకోని కాలంలో పఖవాజ్ నేర్చుకున్న మనిషి. 1946లో, ఇరవై నాలుగేళ్ల వయసులో, పాశ్చాత్య సంగీతం మన సంగీతాన్ని ఏం చేస్తోందో తెలుసుకుందామని న్యూయార్కు వెళ్ళింది. కేజ్ దగ్గర వాళ్ళ సంగీతం నేర్చుకుంది. ఫీజు ఎంతని అడిగితే, డబ్బొద్దు, మీ సంగీతం నాకు చెప్పండి అన్నాడాయన. కొన్ని నెలలు ఒకరికొకరు పాఠాలు చెప్పుకున్నారు.

అప్పటికి కేజ్ పెద్ద సందేహంలో వున్నాడు. అసలు సంగీతం ఎందుకు? నా మనసులో వున్నది ఇతరులకి చెప్పడానికే అయితే, వాళ్ళకది అర్థం కావడం లేదే? ఈ ప్రశ్నకి గీత తన గురువు దగ్గర విన్న సమాధానం చెప్పింది: మనసుని నెమ్మదింపజేసి, దైవం తాకడానికి వీలుగా వుంచడమే సంగీతం పని. ఆ మాట ఆయన చచ్చేదాకా మరిచిపోలేదు, రాసిన చోటల్లా రాశాడు. వెళ్ళేటప్పుడు గీత ఆయనకి శ్రీరామకృష్ణ పరమహంస సంభాషణల పుస్తకం కానుకగా ఇచ్చింది. ఇరవయ్యో శతాబ్దపు అమెరికన్ కళ గురించి పెద్ద పెద్ద పుస్తకాలున్నాయి గాని, వాటిలో ఈ అమ్మాయికి దక్కేది ఒక పేరా, మహా అయితే ఒక పేజీ.

గీత సొంత అన్నగారే విక్రమ్ సారాభాయ్. ఉపగ్రహం ద్వారా పల్లెలకి టీవీ తీసుకు వెళ్ళాలని కలగన్న శాస్త్రవేత్త. 1971లో ఆయన పోయాక ఆ కల పండింది. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా, అమెరికా వాళ్ళ ఉపగ్రహాన్ని ఏడాదికి అరువు తెచ్చుకుని, ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి రోజుకి నాలుగు గంటలు కార్యక్రమాలు పంపించారు. అప్పటి మన ఆంధ్రప్రదేశ్ కూడా అందులో వుంది. కోళ్ళ గూళ్ళకి వేసే ఇనప వలతో పదడుగుల గొడుగు లాంటి యాంటెన్నా కట్టి, ఊరందరికీ ఒక టీవీ. వ్యవసాయం, ఆరోగ్యం, బడి పిల్లలకి పాఠాలు. అన్నగారు టీవీని మన పల్లెలకి తెద్దామని చూస్తే, చెల్లెలు అన్న మాట ఖండాలు దాటి, కేజ్ ద్వారా పైక్‌ని చేరి, టీవీని మౌనంగా కూచోబెట్టే పనిలో పడింది. ఎవరూ అనుకుని చేసింది కాదు.

మౌనంగా కూచోబెట్టడమంటే మాటవరసకి కాదు. 1963లో జర్మనీలో వుప్పర్టాల్ అనే ఊళ్ళో పైక్ తన మొదటి టీవీల ప్రదర్శన పెట్టాడు. కొన్న సెట్లలో ఒకటి దార్లో దెబ్బ తగిలి పాడైంది. బొమ్మంతా కుంచించుకుపోయి తెరమీద ఒక్క గీత మిగిలింది. మనమైతే బాగుచేసేవాడికి కబురు పెడతాం. ఆయన సెట్టుని పక్కకి తిప్పి పెట్టాడు. గీత నిలువుగా నిలబడింది. దానికి ‘టీవీ కోసం జెన్’ అని పేరు పెట్టాడు. ప్రపంచమంతా గొంతు చించుకుంటున్న పెట్టెలో ఒక వెలుగు గీత, దీపం వత్తిలాగా. పదకొండేళ్ల తర్వాత టీవీ బుద్ధ వచ్చింది. అదే ఏడు కొలోన్‌లో విగ్రహాన్ని తీసేసి, దాని చోట తనే బుద్ధుడిలా కూచున్నాడు.

ఇక మన దగ్గర టీవీకీ దేవుడికీ చుట్టరికం ఎలా కలిసిందో మీకు చెప్పక్కర్లేదు. 1987 జనవరి 25, ఆదివారం పొద్దున్న దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ రామాయణం మొదలయింది. నాకప్పుడు ఏడేళ్లు. మా వీధిలో రంగుల టీవీ వున్నది పక్కింటి పిన్నిగారింట్లో. తొమ్మిదిన్నరకల్లా వాళ్ళ గుమ్మం ముందు చెప్పుల గుట్ట పడేది. పిన్నిగారు తలంటు పోసుకుని, టీవీ పెట్టెకి బంతిపూల దండ వేసి, పై అంచున కుంకుమ బొట్టు పెట్టేవారు. రాముడు తెరమీదకి రాగానే కర్పూరం వెలిగేది. ‘అద్దానికి దూరంగా పట్టవే, పగిలి చస్తుంది!’ అని బాబాయిగారు కేకలు. హిందీ ముక్క ఎవరికీ రాదు. కథ తెలుసుగా, భాషతో పనేముంది? మా బామ్మ అయితే దశరథుడు పోయిన వారం ఇంటికొచ్చి మళ్ళీ స్నానం చేసింది.

చదువుకున్నవాళ్ళు అప్పట్లో దీన్ని చూసి నవ్వారు. పత్రికల్లో వ్యాసాలు రాశారు. నాకిప్పుడు నవ్వు రావడం లేదు. పిన్నిగారికి ఆ పెట్టె వెనక తీగలున్నాయని తెలుసు. నటుడికి జీతమిస్తారనీ తెలుసు. అయినా ఆ ముప్పావుగంట ఆవిడ ఇంకే పనీ పెట్టుకోలేదు. పొయ్యి ఆర్పి, చేతులు కడుక్కుని, కింద కూచుని చూసింది. వారానికి ఒక్కసారే వస్తుంది, తప్పితే మళ్ళీ రాదు. 2020లో ఇళ్ళల్లో బందీలమైనప్పుడు అదే రామాయణం మళ్ళీ వేశారు. అప్పుడూ బోలెడుమంది చూశారు. మా యింట్లోనూ చూశాం, ఒక చేత్తో ఫోను పట్టుకుని, మధ్యలో పప్పులో ఉప్పు వేసి వస్తూ. బొమ్మ అదే. చూపు మారింది.

టీవీ వచ్చి మనుషుల చూపుని ముక్కలు చేసింది సరే, ఆ చూపుని మళ్ళీ అతకడానికి అదే టీవీ పనికొస్తుందా? పైక్ ఈ ప్రశ్నతో సరదాగా ఆడుకున్నాడు. దాన్ని ప్రాణంమీదికి తెచ్చుకున్నవాడు బిల్ వియోలా.

వియోలా 1951లో న్యూయార్కులో పుట్టాడు. ఆరేళ్ల వయసులో చెరువులో పడి మునిగిపోయాడు. అడుగున వెలుతురు, నాచు, చేపలు, అంత అందమైన లోకం చూశాననీ, భయమే వెయ్యలేదనీ జీవితాంతం చెబుతూ వచ్చాడు. బాబాయో మామయ్యో చెయ్యి పట్టుకుని పైకి లాగాడు. నీళ్ళు ఆయన్ని వదలలేదు, ఆయన చేసిన బొమ్మల్లో సగం నీళ్ళల్లోనే వుంటాయి. చదువుకునే రోజుల్లో సిరక్యూజ్ ఊరి మ్యూజియంలో పరికరాలు సర్దే పనిచేస్తూ పైక్‌కి సాయం చేశాడు. 1980లో భార్య కీరా పెరోవ్‌తో జపాన్ వెళ్ళి ఏడాదిన్నర వుండి జెన్ గురువు దగ్గర కూచున్నాడు.

1983లో చేసిన ఒక పని చెబుతాను. ఒక చీకటి గది. ఎదురుగా పెద్ద తెర మీద మంచుకొండలు ఊగిపోతూ వుంటాయి, చెవులు చిల్లులు పడేలా గాలి హోరు. గది మధ్యలో నల్లటి చిన్న కొట్టు, మనిషి నిటారుగా నిలబడ్డానికి లేదు. కొట్టులో ఒక బల్ల, నీళ్ళ కూజా, అరచేయంత టీవీ. ఆ టీవీలో అదే మంచుకొండ, కదలకుండా. పక్కన ఎవరో స్పానిష్‌లో పద్యాలు గుసగుసగా చదువుతూంటారు. ఇది సెయింట్ జాన్ ఆఫ్ ది క్రాస్ అనే సాధువుని తలుచుకుని చేసింది. 1577లో సాటి సన్యాసులే ఆయన్ని టొలేడోలో ఇలాంటి కొట్టులో తొమ్మిది నెలలు పడేశారు. అక్కడే ఆయన భగవంతుణ్ణి ప్రియుడిగా తలుచుకుని పద్యాలు అల్లాడు. మనకి వెంటనే గోలకొండ చెరసాల గుర్తొస్తుంది, రామదాసు గుర్తొస్తాడు. పెద్ద తెర హోరులోంచి వచ్చి ఆ చిన్న తెర వైపు వొంగి చూసినవాడికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

1991లో వియోలా తల్లి చనిపోయింది. మెదడులో రక్తనాళం చిట్లి కోమాలో వుండగా, ఆసుపత్రి మంచం మీద ఆవిణ్ణి కొడుకు వీడియో తీశాడు. ఆవిడ పోయిన తొమ్మిది నెలలకి వాళ్ళకి రెండో కొడుకు పుట్టాడు. 1992లో రెండు టీవీ గొట్టాల్ని డొక్కు పెట్టెల్లోంచి ఊడదీసి, ఎదురెదురుగా, ఒకదాని మీద ఒకటి, మధ్యలో కాస్త ఎడం వుంచి నిలబెట్టాడు. పై అద్దంలో పోతున్న తల్లి ముఖం. కింది అద్దంలో పుట్టిన పసివాడి ముఖం. అద్దాలు కదా, నాయనమ్మ నీడ మనవడి మీదా, మనవడి నీడ నాయనమ్మ మీదా పడుతూ వుంటాయి. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నది ఆ రెండు అద్దాల మధ్యనే. దాని పేరు ‘స్వర్గమూ భూమీ’.

ఆ ఏడే ఫ్రాన్సులో నాంట్ నగరంలో, పదిహేడో శతాబ్దపు పాత ప్రార్థనాలయంలో పెట్టడానికి మూడు తెరల బొమ్మ చేశాడు. పూర్వం చర్చిల్లో వేదిక మీద మూడు పలకల బొమ్మలుండేవి, ఆ పద్ధతిలో. ఎడమ తెరమీద ఒక యువతి ప్రసవ వేదన పడుతూ వుంటుంది. కుడి తెరమీద వియోలా తల్లి చివరి ఊపిరులు. మధ్య తెరలో బట్టలతోనే ఒక మనిషి నీళ్ళలో తేలుతూ, మునుగుతూ. దాదాపు ముప్పై నిమిషాలు. బిడ్డ భూమ్మీద పడుతుంది, తల్లి వెళ్ళిపోతుంది.

ఇక్కడ ఆగాలి. కన్నతల్లి పోతూంటే కెమెరా పట్టుకోడమా? పట్టుకున్నాడు సరే, పదిమందికీ చూపించడమా? ఒప్పుకున్నానని చెప్పే స్థితిలో కూడా ఆవిడ లేదే! మన ఇళ్ళల్లో అయితే చివరి క్షణంలో తులసితీర్థం పొయ్యాలి, పేరు పెట్టి పిలవాలి, అంతేగాని ఫొటో తీస్తే చీపురు తిరగేస్తారు. ఈ కాలంలో ప్రమాదం జరిగితే చెయ్యి అందించేవాడికంటే ముందు ఫోను ఎత్తేవాడు చేరుతున్నాడు. ఆ ఫోనుకీ వియోలా కెమెరాకీ తేడా ఏమిటి?

ఈ ప్రశ్న నేను తీరిగ్గా కూచుని అడుగుతున్నది కాదు. నేను రాసిన ఒక నవలలో మా నాన్నగారి చివరి పదిరోజులూ వున్నాయి. పేర్లు మార్చాను, ఊరు మార్చాను, ఆయన దగ్గు మార్చలేకపోయాను. మా అమ్మ ఆ పుస్తకం మొత్తం చదివి ఆ అధ్యాయం దగ్గర మాత్రం గుర్తు పెట్టి మూసేసింది. బాగుందని అనలేదు, ఎందుకు రాశావనీ అడగలేదు. పుస్తకం బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టుకుంది. ఇప్పటికీ అక్కడే వుంది. అందుకని వియోలాని నిలదీసే ముందు నా వంతు ప్రశ్న నాకు ఎదురుగా వుంటుంది.

నాకు తోచింది చెబుతాను. రోడ్డు మీద ఫోను ఎత్తినవాడు చూడ్డానికి ఎత్తడం లేదు. పంపించడానికి ఎత్తుతున్నాడు. బొమ్మ తీయడం కాగానే అతని పని అయిపోయింది, తీసినవాడూ చూడడు, అందుకున్నవాడు నాలుగు సెకన్లు చూసి పైకి తోసేస్తాడు. వియోలా ఆ తల్లి ముఖాన్ని రోజుల తరబడి, నెలల తరబడి చూశాడు. చూసి, ఒంటరిగా వదలకుండా, పక్కన ఒక పుట్టుకని తోడు పెట్టాడు. చూడ్డానికి వచ్చినవాణ్ణి ముప్పై నిమిషాలు చీకట్లో ఆమె దగ్గర కూచోమన్నాడు. ముప్పై నిమిషాలు ఒక మనిషి మంచం పక్కన కూచుంటే దాన్ని మనం తమాషా అనం, కనిపెట్టుకుని వుండడం అంటాం. ఇంతా చెప్పినా ఆవిడ ఒప్పుకునేదా అన్న ప్రశ్న తీరదు. అది తీరకుండా వుండడమే మంచిదేమో. తీరిపోతే కెమెరాకీ కలానికీ కూడా భయం పోతుంది.

మరొక సంగతి. ఆ మూడు తెరల బొమ్మని నేను చూసింది ఫోనులో, అగ్గిపెట్టెంత మేర, అదీ ముక్కలు ముక్కలుగా. అందులో తల్లీ వుంది, బిడ్డా వుంది, నీళ్ళలో మనిషీ వున్నాడు. చీకటి గది లేదు, అరగంట లేదు. గుడి గోపురం ఫొటో చూసి ప్రదక్షిణం అయిందనుకోడం లాంటిది.

యూరప్‌లో చర్చిలకి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. హాలెండులో మాస్త్రిక్ట్ అనే ఊళ్ళో ఒక పాత చర్చి పుస్తకాల దుకాణమైంది. అలాంటి కాలంలో చర్చివాళ్ళే వియోలాని పిలిచారు. 1996లో ఇంగ్లండులో డరమ్ పెద్ద చర్చిలో ఆయన బొమ్మ పెట్టారు. లోతు నీళ్ళలోంచి ఒక మనిషి పైకి తేలి, గుండెనిండా ఊపిరి తీసుకుని మళ్ళీ మునుగుతాడు. వొంటిమీద బట్ట లేదని గొడవ అవుతుందేమోనని చుట్టూ అడ్డు తెరలు కట్టారు. మన గోపురాల మీది బొమ్మలు చూస్తే వాళ్ళేమంటారో! 2014లో లండన్‌లో సెయింట్ పాల్స్ చర్చిలో ‘ధర్మవీరులు’ అనే అర్థం వచ్చే పేరుతో నాలుగు నిలువు తెరలు శాశ్వతంగా పెట్టారు. ఒకడు మట్టిలో కూరుకుని, ఒకామె కాళ్ళూ చేతులూ కట్టేసి గాలిలో వేలాడుతూ, ఒకడు నిప్పు మధ్య, ఒకడు నీటిధార కింద. పంచభూతాల్లో నాలుగన్నమాట. చప్పుడు లేదు. ఏడు నిమిషాలు. మన దగ్గర చాలా గుళ్ళలో గర్భగుడి ముందు కెమెరా తియ్యనివ్వరు. వాళ్ళు పూజాస్థలంలోకే తెర తెచ్చారు. ఎవరి భయం వారిది, ఎవరి అవసరం వారిది.

వియోలాని తిట్టినవాళ్ళూ తక్కువేం లేరు. నిమిషంలో అయ్యేదాన్ని పావుగంట సాగదీస్తే ఏదైనా గంభీరంగానే వుంటుంది, ఇందులో ఆధ్యాత్మికత ఎక్కడుంది అన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. మన సినిమాల్లో హీరో జీపు దిగినా స్లో మోషనే, విలన్ గాల్లో ఎగిరినా స్లో మోషనే, ఎవరికీ మోక్షం రాలేదు. నెమ్మది వేరు, నెమ్మదిగా తిప్పడం వేరు. కొన్ని బొమ్మల్లో ఆయనా ఆ తేడా మరిచాడనే నా అనుమానం. ఆ తల్లి బొమ్మలో మాత్రం మరవలేదు.

పైక్ 2006లో పోయాడు. మనుషులు మరిచిపోకూడనివి అన్నీ తెరకెక్కించిన వియోలా అల్జైమర్స్ వ్యాధితో 2024 జులైలో పోయాడు. యంత్రాలదీ అదే గతి. 1988లో సియోల్ ఒలింపిక్సు నాడు పైక్ 1,003 టీవీలతో పగోడా లాంటి గోపురం కట్టాడు. సెట్లు పాతబడి, లోపలి గొట్టాలు తయారుచేసేవాళ్ళు లేక, 2018లో దాన్ని ఆపేయాల్సి వచ్చింది. మరమ్మతు చేసి, బాగుపడనివాటికి కొత్త తెరలు అమర్చి, 2022లో మళ్ళీ వెలిగించారు. మన పల్లెల్లో అయితే దీన్ని జీర్ణోద్ధరణ అని చందాలు పోగుచేసి, అన్నసంతర్పణ కూడా చేసేవాళ్ళం.

అంత దూరం వెళ్ళి ఇవన్నీ చూడ్డం మనలో చాలామందికి పడదు. పడకపోయినా నష్టం లేదు. సెయింట్ పాల్స్‌లో ఆ నాలుగు తెరలూ అడిగేది ఏడు నిమిషాలే కదా. సాయంత్రం దీపం పెట్టాక, ఫోను పక్క గదిలో వుంచి, ఏడు నిమిషాలు ఆ దీపాన్నే చూడండి. దేవుడి మీద నమ్మకం లేనివారు కిటికీలోంచి చెట్టుని చూడండి. నేను మొన్న చూశాను. నాలుగో నిమిషంలో కుక్కర్ కూత పెట్టింది. లేవలేదు. రెండో కూతకీ లేవలేదు. మూడో కూతకి మా వారు వంటింట్లోకి వెళ్ళిన అలికిడి వినిపించింది, పెళ్ళయిన ఇరవై రెండేళ్లలో మొదటిసారి.